చైనా, పాశ్చాత్య నిర్వహణ ఆలోచనల మేళవింపు: ఒక విమర్శనాత్మక పరిశీలన

పాఠ్యభాగ లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- "చైనా ఆలోచన", "పాశ్చాత్య ఆలోచన" అనే విభజనలోని బలహీనతలను వివరించగలుగుతారు.
- హువావే, హైయర్ సంస్థల అనుభవాలను విమర్శనాత్మకంగా పోల్చగలుగుతారు.
- మీ ప్రాంతంలోని సంస్థల్లో నిర్వహణ పద్ధతుల మేళవింపును అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

టేలర్, ఫేయోల్, వెబర్, మెక్‌గ్రెగర్ సిద్ధాంతాలను మీరు ఇంతకుముందు చదివారు. అవన్నీ యూరప్, అమెరికాలలో పుట్టినవే. ఇటీవలి నిర్వహణ గ్రంథాల్లో మరో మాట తరచుగా వినిపిస్తోంది. పాశ్చాత్యుల క్రమబద్ధతను, చైనీయుల సామరస్య దృష్టిని కలిపితే మెరుగైన నాయకత్వం తయారవుతుందని వాటి సారాంశం. కన్ఫ్యూషియస్ నుంచి కొంత, లావోత్సు నుంచి కొంత, పీటర్ డ్రక్కర్ నుంచి కొంత తీసుకుని కలపమని అవి సలహా ఇస్తాయి.

ఈ విషయం మనకు దూరమైనదేమీ కాదు. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైన శ్రీసిటీకి ఎన్నో దేశాల కంపెనీలు వచ్చాయి. తైవాన్‌కు చెందిన ఫాక్స్‌కాన్ 2015లో చైనా కంపెనీ షావోమీ కోసం ఇక్కడ ఫోన్ల తయారీ ప్రారంభించింది. జపాన్ కంపెనీ ఇసుజు కర్మాగారం 2016లో ప్రారంభమైంది. ఏర్పేడు మండలం వికృతమాల దగ్గర చైనా సంస్థ టీసీఎల్ కర్మాగారానికి 2018లో శంకుస్థాపన జరిగింది. మీలో కొందరు ఈ కర్మాగారాల్లో షిఫ్టు ముగించుకుని వచ్చి రాత్రిపూట ఈ పుస్తకం చదువుతూ ఉండవచ్చు. కాబట్టి ఏ దేశపు నిర్వహణ పద్ధతి మంచిదన్న ప్రశ్న మీకు పరీక్షకు మాత్రమే కాదు, ఉద్యోగానికీ సంబంధించినది.

ఈ పాఠ్యభాగం ప్రతిపాదించే విషయం ఒక్కటే. మేళవింపును తత్వవేత్తల సూక్తుల్లో వెతికితే దొరకదు, పని నియమాల్లో వెతకాలి. ఆ మేళవింపు మంచిదా కాదా అన్నది ఏ దేశపు పాలు ఎంత అన్న లెక్కతో తేలదు. నియమాన్ని అమలు చేసే కింది ఉద్యోగికి దానిని ప్రశ్నించే, సరిచేసే వీలు ఉందా లేదా అన్నదానితో తేలుతుంది.

2. రెండు పెట్టెల సమస్య

చాలా గ్రంథాల్లో మీకు ఒక పట్టిక కనిపిస్తుంది. ఎడమవైపు "పాశ్చాత్యం" కింద వ్యక్తివాదం, ఒప్పందం, లిఖిత నియమం, స్వల్పకాలిక లాభం ఉంటాయి. కుడివైపు "చైనా" కింద సామూహికత, సంబంధాలు, పెద్దల మాట, దీర్ఘకాలిక దృష్టి ఉంటాయి. పరీక్షలో రాయడానికి ఇది సులువే. కానీ చరిత్ర ముందు నిలబడదు.

చైనా తత్వ సంప్రదాయం ఒక్కటి కాదు. కన్ఫ్యూషియస్ నైతిక ఆదర్శం ద్వారా పాలించమన్నాడు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దికి చెందిన హాన్ ఫేయ్, ఆయన వంటి చట్టవాదులు దానిని ఒప్పుకోలేదు. స్పష్టమైన నియమం, కచ్చితమైన బహుమతి, కచ్చితమైన శిక్ష ఉంటేనే రాజ్యం నడుస్తుందని వారి వాదన. ఆ వాదనను పేరు చెప్పకుండా చదివిస్తే చాలామంది దానిని పాశ్చాత్య పెట్టెలో వేస్తారు.

పాశ్చాత్య సంప్రదాయం కూడా ఒక్కటి కాదు. 19వ శతాబ్ది ఆరంభంలో స్కాట్లాండ్‌లోని న్యూ లానార్క్ నూలు మిల్లును నడిపిన రాబర్ట్ ఓవెన్ కార్మికుల ఇళ్ళు, పిల్లల చదువు, వారి నడవడిక అన్నీ యజమాని బాధ్యతే అని భావించాడు. నేడు "ఆసియా తరహా" అని పిలిచే పెద్దరికం ఇదే. అమెరికాకు చెందిన మేరీ పార్కర్ ఫాలెట్ ఒకరి మీద చెలాయించే అధికారం కంటే ఒకరితో కలిసి పంచుకునే అధికారం మేలని 1920లలోనే వాదించారు. సామరస్యం తూర్పు దేశాల సొత్తు అనుకునేవారు ఆమెను మరచిపోతారు.

అంతేకాదు, ఈ రెండు సంప్రదాయాలు చాలాకాలంగా ఒకదాని నుంచి మరొకటి నేర్చుకుంటూనే ఉన్నాయి. మీకు బాగా తెలిసిన ఉదాహరణ పోటీ పరీక్ష. చైనాలో 1905 వరకు పదమూడు శతాబ్దాల పాటు ప్రభుత్వోద్యోగులను రాత పరీక్షల ద్వారా ఎంపిక చేశారు. బ్రిటన్‌లో పోటీ పరీక్షల ప్రతిపాదనపై చర్చ జరిగినప్పుడు చైనా ఉదాహరణ ప్రస్తావనకు వచ్చింది. 1855లో ఇండియన్ సివిల్ సర్వీసుకు తొలి పోటీ పరీక్ష లండన్‌లో జరిగింది. మీరు గ్రూప్స్ పరీక్షకు దరఖాస్తు చేసుకున్నప్పుడు ఆ మేళవింపులో మీరూ భాగస్తులే.

కొలతల విషయానికి వద్దాం. గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1980లో ప్రచురించిన గ్రంథానికి ఆధారం 1967–1973 మధ్య ఐబీఎం ఉద్యోగులు నింపిన ప్రశ్నావళులు. ఒకే కంపెనీ ఉద్యోగుల జవాబుల నుంచి మొత్తం దేశాల స్వభావాన్ని నిర్ణయించడం ఎంతవరకు సమంజసమని విమర్శకులు ప్రశ్నించారు. ఆ తరువాత హాంకాంగ్‌లో పనిచేస్తున్న మైఖేల్ బాండ్ చైనా పండితుల సూచనలతో వేరే ప్రశ్నావళి తయారుచేసి, ఇరవైకి పైగా దేశాల విద్యార్థులకు ఇచ్చారు. ఐబీఎం ప్రశ్నావళిలో కనిపించని ఒక పరిమాణం అందులో బయటపడింది. అదే నేడు మనం చదివే "దీర్ఘకాలిక దృక్పథం". దీని నుంచి నేర్చుకోవలసింది చైనీయులు దూరదృష్టి కలవారని కాదు. అడిగేవారు మారితే జవాబు మారుతుందని. ప్రశ్న రాసే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ఈ పాఠ్యభాగం అంతటా మనతో పాటు వస్తుంది.

3. హువావే: ముందు అనుకరణ, తరువాత సవరణ

మేళవింపుకు తరచుగా చెప్పే ఉదాహరణ హువావే. రెన్ జెంగ్‌ఫెయ్ 1987లో షెన్‌జెన్‌లో దీనిని స్థాపించారు. 1990ల చివరలో ఆయన అమెరికా వెళ్ళి ఐబీఎం వంటి సంస్థలను చూసి వచ్చారు. ఆ తరువాత కొత్త ఉత్పత్తుల రూపకల్పన, సరఫరా వ్యవస్థలను తిరిగి నిర్మించడానికి ఐబీఎం సలహాదారులను పెద్ద ఖర్చుతో పిలిపించారు.

సొంత ఇంజనీర్లు కొందరు ఇది మన పద్ధతులకు సరిపడదని అభ్యంతరం చెప్పారు. చెప్పుకు తగ్గట్టు కాలు కోసుకోవడం అవివేకమని మనం అంటాం. చైనాలోనూ అదే అర్థంలో ఒక పాత నానుడి ఉంది. రెన్ దానిని తలకిందులు చేశారు. ముందు అమెరికా చెప్పులు తొడుక్కోండి, కాలిని దానికి సరిచేసుకోండి అన్నారు. ఆయన చెప్పిన క్రమంలో మూడు దశలున్నాయి. మొదటిది యథాతథంగా పాటించడం, రెండవది మెరుగుపరచడం, మూడవది స్థిరపరచడం.

ఈ క్రమంలో ఒక వివేకం ఉంది. కొత్త పద్ధతి పూర్తిగా అర్థం కాకముందే దానిని మార్చేవారు తరచుగా తమకు ఇబ్బంది కలిగించే భాగాన్నే తీసేస్తారు. మన కార్యాలయాల్లో కంప్యూటర్ వచ్చాక కూడా పాత రిజిస్టరు పక్కనే కొనసాగడం ఇలాంటిదే. పైకి రెండు పద్ధతులూ ఉంటాయి, ఏదీ సరిగా పనిచేయదు.

అయితే విమర్శకు కూడా తావుంది. మొదటి దశ ఎప్పుడు ముగుస్తుంది? ఇక మెరుగుపరచవచ్చునని ఎవరు చెబుతారు? హువావేలో ఆ నిర్ణయం పైనుంచే వచ్చింది. నేర్చుకునే దశలో ప్రశ్న వద్దు అనడం న్యాయమే కావచ్చు. కానీ ఆ దశకు గడువు లేకపోతే అది నేర్చుకోవడం కాదు, విధేయత. రెండవ దశలో మాట్లాడే అవకాశం ఎవరికి ఉందో చెప్పని మేళవింపు సిద్ధాంతం అసంపూర్ణం.

4. హైయర్: అధికారంతో పాటు భారం

1984లో చింగ్‌డావ్ నగరంలోని ఒక నష్టాల రిఫ్రిజిరేటర్ల కర్మాగారానికి జాంగ్ రుయ్‌మిన్ అధిపతిగా వచ్చారు. నాణ్యతలేని 76 రిఫ్రిజిరేటర్లను 1985లో ఉద్యోగుల చేతనే సుత్తులతో పగలగొట్టించిన ఉదంతం ప్రసిద్ధం. సాంకేతికత జర్మనీ కంపెనీ లీబ్‌హెర్ నుంచి వచ్చింది. 2005 తరువాత ఆయన ఉద్యోగి విలువను వినియోగదారుడికి కలిగే విలువతో ముడిపెట్టే నమూనాను ప్రవేశపెట్టారు. సంస్థను వేలాది చిన్న స్వయంపాలిత విభాగాలుగా విడగొట్టి, మధ్యస్థాయి అధికారుల పదవులను భారీగా తొలగించారు. 2016లో అమెరికాకు చెందిన జీఈ గృహోపకరణాల వ్యాపారాన్ని హైయర్ కొనుగోలు చేసింది.

ఈ నమూనాను పుస్తకాలు లావోత్సు చెప్పిన "జోక్యం లేని పాలన"కు ఆధునిక రూపంగా చూపిస్తాయి. నాయకుడు వెనక్కి తగ్గితే సంస్థ తనంత తానే నడుస్తుందన్న భావన ఆకర్షణీయమే. హువావేతో పోలిస్తే ఇక్కడ నిర్ణయాధికారం నిజంగానే కిందికి దిగింది. అది మెచ్చుకోదగినది.

కానీ అధికారంతో పాటు ఏమి దిగిందో కూడా చూడాలి. చిన్న విభాగం తన ఆదాయాన్ని తానే సంపాదించుకోవాలి. మార్కెట్ పడిపోతే దాని భారం కూడా కిందికే వస్తుంది. పెద్ద సంస్థలో ఉద్యోగానికి ఉండే భద్రత తగ్గుతుంది. ఇందులో లావోత్సు కంటే పాశ్చాత్య మార్కెట్ సూత్రమే ఎక్కువగా కనిపిస్తుంది. ప్రాచీన తత్వం పేరు చెప్పినంత మాత్రాన కొత్త ఒత్తిడి తగ్గదు. నియమం మార్చే హక్కు, నష్టం మోసే బాధ్యత రెండూ ఏ నిష్పత్తిలో కిందికి వచ్చాయో పరిశీలించడం విమర్శకుడి పని.

5. శ్రీపెరుంబుదూరు: రెండు పద్ధతులూ వినని గొంతు

ఇప్పుడు మనకు దగ్గరగా వద్దాం. ఫార్, చెంగ్ అనే పరిశోధకులు 2000లో చైనా సమాజాలలోని "పితృభావ నాయకత్వాన్ని" విశ్లేషించారు. అందులో మూడు అంశాలుంటాయి: కఠినమైన అధికారం, ఉద్యోగి క్షేమం పట్ల శ్రద్ధ, వ్యక్తిగత నైతికత. కంపెనీయే వసతి, భోజనం, రవాణా చూసుకోవడంలో ఈ పెద్దరికం కనిపిస్తుంది. మరోవైపు అమెరికా కంపెనీలు తమ సరఫరాదారులకు లిఖిత ప్రవర్తనా నియమావళిని ఇచ్చి, తనిఖీలు జరిపిస్తాయి. ఈ రెండూ ఒకే కర్మాగారంలో కలిసినప్పుడు మేళవింపు సంపూర్ణమైనట్లే కదా?

శ్రీసిటీకి దక్షిణంగా, తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో ఆపిల్ ఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ కర్మాగారం ఉంది. 2021 డిసెంబర్‌లో అక్కడి మహిళా కార్మికుల వసతిగృహంలో ఆహారం కలుషితమై 150 మందికి పైగా ఆసుపత్రిలో చేరారు. సహోద్యోగుల పరిస్థితిపై ఆందోళనతో కార్మికులు చెన్నై–బెంగళూరు జాతీయ రహదారిపై బైఠాయించారు. కర్మాగారం కొన్ని వారాలు మూతపడింది. కొన్ని వసతిగృహాలు, భోజనశాలలు తన ప్రమాణాలకు తగినట్లు లేవని ఆపిల్ ప్రకటించి, కర్మాగారాన్ని ప్రత్యేక పరిశీలన కింద ఉంచింది. స్థానిక యాజమాన్యాన్ని పునర్వ్యవస్థీకరిస్తామని ఫాక్స్‌కాన్ తెలిపింది.

ఇక్కడ లోపించినది పెద్దరికమా? కంపెనీ వసతి కల్పించింది. లోపించినది లిఖిత నియమమా? నియమావళి ఉంది. రెండూ ఉన్నాయి, కానీ రెండూ పైనుంచి కిందికి వచ్చినవే. పెద్దరికం మీ క్షేమం మేం చూస్తాం అంటుంది. తనిఖీ మీ క్షేమం మేం లెక్కిస్తాం అంటుంది. అన్నం తినే మనిషి స్వయంగా ఇది బాగాలేదని చెబితే ఆ మాట నిర్ణయం తీసుకునేవారి దాకా నడిచే దారి రెండింటిలోనూ బలంగా లేదు. చివరికి ఆ దారి జాతీయ రహదారి అయింది. మేళవింపు గురించి రాసే పుస్తకాల్లో ఈ సంఘటనకు చోటు ఉండాలి. లాభనష్టాల కంటే ముందు ఇది మనుషుల ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

6. కరకంబాడి: సాంకేతికతతో వచ్చేది ఏమిటి?

ఇప్పటిదాకా బయటి కంపెనీల గురించి చూశాం. మన జిల్లాలో పుట్టిన సంస్థ కూడా ఇదే ప్రశ్నను ఎదుర్కొంది. చిత్తూరు ప్రాంతంలోని పేటమిట్టకు చెందిన గల్లా రామచంద్ర నాయుడు అమెరికాలో చదివి, ఇంజనీరుగా పనిచేసి, తిరిగి వచ్చి 1985లో అమర రాజా సంస్థను స్థాపించారు. తిరుపతి దగ్గరి కరకంబాడి దానికి కేంద్రమైంది. 1990ల చివరలో అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్ భాగస్వామిగా చేరింది. 2000లో అమరాన్ బ్యాటరీ మార్కెట్లోకి వచ్చింది. ఆ భాగస్వామ్య ఒప్పందం 2019లో ముగిసింది.

తరువాతి అడుగు ఆసక్తికరమైనది. లిథియం సెల్స్ తయారీ కోసం ఈ సంస్థ అనుబంధ కంపెనీ 2024 జూన్‌లో చైనాకు చెందిన గోషన్ హై-టెక్ అనుబంధ సంస్థతో సాంకేతిక లైసెన్సు ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందంపై సంతకం చేసింది యూరప్‌లోని స్లొవేకియాలో నమోదైన సంస్థ. కర్మాగారం తెలంగాణలోని మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో. అంటే తిరుపతి సంస్థ, చైనా సాంకేతికత, యూరప్ చిరునామా, తెలంగాణ కార్మికులు. దీనిని మనం ముందు చూసిన పట్టికలో ఏ గడిలో రాస్తారు?

సీసం బ్యాటరీల కాలంలో అమెరికా భాగస్వామి, లిథియం కాలంలో చైనా సాంకేతికత. మారినది సంస్థ తత్వం కాదు, ఆ సాంకేతికత ప్రపంచంలో ఎవరి దగ్గర ఉందన్నది. లైసెన్సు ఒప్పందంతో పాటు కన్ఫ్యూషియస్ రాడు. యంత్రాల అమరిక, నాణ్యతా పరీక్షల పద్ధతి, ముడిసరుకు ప్రమాణాలు, శిక్షణ వస్తాయి. ఒక దేశపు పని ఆలోచన మరో దేశానికి చేరే అసలు వాహనాలు ఇవే. పనిగంటల క్రమం, లోపం నమోదు చేసే కాగితం, షిఫ్టు మారేటప్పుడు అప్పగింత నియమం వీటిలోనే మేళవింపు జరుగుతుంది.

రాజకీయాన్ని కూడా మరచిపోరాదు. భారత్‌తో భూ సరిహద్దు ఉన్న దేశాల పెట్టుబడులకు కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ 2020 ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది. ఆ తరువాత వాటా పెట్టుబడి కంటే లైసెన్సు దారి సులువు కావడం సహజం. ఏ ఆలోచన ఏ రూపంలో మన దగ్గరికి వస్తుందో తత్వశాస్త్రం కంటే ఇటువంటి నిబంధనలే ఎక్కువగా నిర్ణయిస్తాయి.

7. అయితే సంస్కృతికి విలువ లేదా?

మీకు ఈ సందేహం రావడం సహజం. సంస్కృతికి తప్పక విలువ ఉంది. మన కార్యాలయాల్లో చిన్న ఉద్యోగి పెద్ద అధికారి ముందు కూర్చోవడానికే జంకుతాడు. "సార్ చెప్పారు" అన్న మాటతో చర్చ ముగుస్తుంది. పొరపాటు కళ్ళెదుట కనిపిస్తున్నా "మనకెందుకులే అన్నా" అని పక్కకు తప్పుకుంటారు. ఇటువంటి చోట తప్పు కనిపిస్తే చెప్పండి అని గోడ మీద రాసి పెట్టినంత మాత్రాన ఎవరూ చెప్పరు.

దీనికి భాష కూడా తోడవుతుంది. విదేశీ నిపుణుడి మాట ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి సూపర్‌వైజర్ తమిళంలోకో తెలుగులోకో మారి కార్మికురాలికి చేరుతుందని అనుకోండి. ఆజ్ఞ ఈ మెట్లు సులువుగా దిగుతుంది. సందేహం అదే మెట్లు ఎక్కడం కష్టం.

కాబట్టి సంస్కృతిని గుర్తించాలి. కానీ గుర్తించడం వేరు, సాకుగా వాడటం వేరు. ఇక్కడివాళ్ళు పెద్దల మాట వింటారు అన్నది పరిశీలన. అందుకని వాళ్ళను అడగనవసరం లేదు అన్నది సాకు. మొదటి వాక్యం నుంచి రావలసిన ముగింపు వేరు: పెద్దల ముందు మాట్లాడలేని చోట, భయం లేకుండా మాట్లాడే ఏర్పాటు మరింత జాగ్రత్తగా చేయాలి.

8. ముగింపు

చైనా, పాశ్చాత్య ఆలోచనల మేళవింపు గురించి మీరు ఎక్కడ చదివినా ఈ నాలుగు ప్రశ్నలు వేసి చూడండి.

అ) పని నియమాన్ని రాసింది ఎవరు?
ఆ) దానిని మార్చమని అడిగే వీలు కింది ఉద్యోగికి ఉందా? దానికి గడువు, పద్ధతి ఉన్నాయా?
ఇ) తప్పు చెప్పిన వ్యక్తికి తరువాత ఏమవుతుంది?
ఈ) నిర్ణయం విఫలమైతే నష్టం ఎవరి మీద పడుతుంది?

హువావే మొదటి ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఇస్తుంది, రెండవదాని దగ్గర తడబడుతుంది. హైయర్ రెండవదానికి మెరుగైన జవాబు ఇచ్చి, నాలుగవదాని దగ్గర చిక్కుల్లో పడుతుంది. శ్రీపెరుంబుదూరు మూడవ ప్రశ్న ఎంత ముఖ్యమో గుర్తుచేస్తుంది. ఈ ప్రశ్నలు ఏ ఒక్క దేశానికీ చెందినవి కావు. వీటిని శ్రీసిటీ కర్మాగారానికి వేయవచ్చు, మీ ఊరి పాల కేంద్రానికీ వేయవచ్చు. మంచి జవాబు ఏ దిక్కు నుంచి వచ్చినా స్వీకరించండి. జవాబు లేనప్పుడు అది ఎంత గొప్ప తత్వం పేరుతో వచ్చినా ఒప్పుకోకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హాఫ్‌స్టెడ్, బాండ్ ప్రశ్నావళుల మధ్య తేడా నుంచి మీరు ఏమి గ్రహించారు?
2. హువావే అనుసరించిన మూడు దశలు ఏవి? వాటిలో ఏ దశ విమర్శకు గురవుతుంది?
3. పితృభావ నాయకత్వంలోని మూడు అంశాలను పేర్కొనండి.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. "చైనా ఆలోచన", "పాశ్చాత్య ఆలోచన" అనే విభజన చారిత్రకంగా నిలబడదని ఉదాహరణలతో చర్చించండి.
2. హైయర్ నమూనాలో అధికార వికేంద్రీకరణను, భార వికేంద్రీకరణను పోల్చి విమర్శించండి.

కృత్యం

మీరు పనిచేసే చోటును గాని, మీకు బాగా తెలిసిన ఆర్టీసీ డిపో, బ్యాంకు, స్వయం సహాయక సంఘం వంటి సంస్థను గాని తీసుకోండి. అక్కడి ఒక్క పని నియమాన్ని ఎంచుకుని, పై నాలుగు ప్రశ్నలకు జవాబులు రెండు పుటల్లో రాసి, సంప్రదింపు తరగతిలో చర్చించండి.